అత్తగారు నా మీద రాసిన నాలుగు క్యాలెండర్లు

మా అత్తగారు పోయారు. ఫిబ్రవరిలో ఒక ఉదయం, నేను ల్యాబ్‌కి బయల్దేరుతూ మాస్కు వెతుక్కుంటుంటే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తెల్లవారకముందే, ఆరున్నర దాటాక వెళ్ళిపోయారట. చివర్లో బాధపడలేదట. చెప్పే నర్సు గొంతు అలిసిపోయి ఉంది. ఆ వారంలో అలాంటి ఫోన్లు ఎన్ని చేసిందో పాపం. నేను "థాంక్యూ" అని పెట్టేశాను. ఆ తర్వాత లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి డ్యూటీలో ఉన్న మా ఆయనకి వీడియో కాల్ చేశాను. నేను చెప్పకముందే, నా ముఖం చూసి ఆయనే అర్థం చేసుకున్నాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ దేవతలైపోతారు. నాకు ఆ విద్య రాదు. మా అత్తగారికి నేనంటే ఇష్టం లేదు. నాకూ ఆవిడంటే ఇష్టం లేదు. ఐర్లండ్‌లోని కార్క్ ఊళ్ళో, సైన్యం బ్యారక్స్‌కి దగ్గర్లో ఉన్న ఇరుకింట్లో, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు పక్కకి తిరగాల్సిన వంటింట్లో, నాలుగేళ్ళు ఒకరినొకరు భరించాం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు తేలిక.

నాది నరసరావుపేట. ఈ దేశంలోనే కార్లో అనే ఊళ్ళో మాస్టర్స్ చేసి, కార్క్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్ ఉద్యోగానికి వచ్చాను. ఇక్కడే ఒక ఐరిష్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకున్నాను. ఆయన కార్పొరల్. ఆయన తండ్రి కూడా అదే సైన్యంలో పనిచేసి పోయారు. పెళ్ళైన మర్నాడు పెట్టె పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడ గుమ్మంలోనే నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆవిడ మాట్లాడింది ఐరిష్ యాస ఇంగ్లీషే. కానీ నా చెవికి ఆవిడ మాటలెప్పుడూ మా పేటలో అత్తల గొంతులోనే వినబడేవి. అందుకని అలాగే రాస్తున్నాను.

"చూడమ్మాయ్, మొహమాటాల్లేకుండా చెప్తున్నా. నీకు పాస్‌పోర్టు వచ్చేదాకే ఈ కాపురం అని నా లెక్క. తప్పని తేలితే నాకూ సంతోషమే. లోపలికి రా, చలేస్తోంది."

ఇక్కడ కోడళ్ళు అత్తగార్లని పేరు పెట్టి పిలుస్తారు. నా నోటికి అది రాలేదు. "అత్తయ్యా" అన్నాను. అదేం పిలుపని అడిగితే అర్థం చెప్పాను. "బానే ఉంది, అట్టాగే పిలువు. పేర్లు పెట్టి పిలుచుకునేంత స్నేహం మనకేం లేదుగా," అంది. చనిపోయేదాకా ఆవిడ నాకు అత్తయ్యే. నా పేరు మాత్రం ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఎదురుగా ఉంటే "అమ్మాయ్," లేకపోతే "వాడి పెళ్ళాం." అంతే.

కోపం ఆవిడ ఒక్కదాని మీదే పెట్టుకోవడం అన్యాయం. కార్క్‌లో మన తెలుగువాళ్ళు ఏమైనా తక్కువ తిన్నారా? ఉగాది కార్యక్రమానికి వెళ్తే ఒక ఆంటీ పులిహోర ప్లేటు చేతిలో పెడుతూ, "మంచి పనే చేశావులే అమ్మా, మా ఆయన వర్క్ పర్మిట్ కోసం ఎన్నేళ్ళు తిరిగారో. నీకు షార్ట్‌కట్ దొరికింది," అంది, పక్కనున్నవాళ్ళంతా వినేట్టు. అంటే అటు ఐరిష్ అత్తగారూ, ఇటు తెలుగు ఆంటీ, ఇద్దరిదీ ఒకటే మాట. నేను కాగితం కోసం మనిషిని కట్టుకున్నాను. మూడేళ్ళు ఆ మాట మింగాను. మింగిన ప్రతిసారీ ఒళ్ళు మండింది.

అత్తగారి అలవాట్లు కొన్ని చెప్పాలి. టీ కాచే కెటిల్ ఎవరూ ముట్టుకోకూడదు. వంటింటి ప్రెస్‌లో, ఇక్కడివాళ్ళు అలమరని అలాగే అంటారు, నా కారం డబ్బాలకి కింది అర ఇచ్చి, "ఇది సరిహద్దు" అని ఒక టేపు అంటించింది. నేను పోపు వేస్తే కిటికీ తెరిచేది, డిసెంబరైనా సరే. నేను మూసేదాన్ని. మళ్ళీ తెరిచేది. కూర వండితే ముక్కు మూసుకునేది కానీ, మర్నాడు మధ్యాహ్నం నేను లేనప్పుడు గిన్నెలో కొంత తగ్గి ఉండేది. నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇంకో అలవాటు, మాంసం కొట్టువాడు ప్రతి క్రిస్మస్‌కీ ఇచ్చే గోడ క్యాలెండర్‌లో రోజూ రాసుకోవడం. సాయంత్రం టీ అయ్యాక కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ చెక్కి, ఆ రోజు గడిలో చీమల్లాంటి అక్షరాలతో ఏదో రాసేది. మొదట్లో చెత్త బిన్లు బయట పెట్టే రోజులు అనుకున్నాను. ఒకసారి అడిగితే, "మా ఆయన బయటి దేశాలకి డ్యూటీకి పోయినప్పటి నుంచీ అలవాటు. ఆరు నెల్ల తర్వాత ఇంటికొచ్చి, ఏం జరిగిందే అనడిగితే చెప్పొద్దూ? సైనికుడి పెళ్ళాం ఏదీ మర్చిపోకూడదు," అంది. ఆయన పోయి పదేళ్ళైనా రాయడం మానలేదు.

పెళ్ళై మూడేళ్ళు నిండాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాను. అమెరికాలో సైనికుల భార్యలకి వేరే దారి, తొందర దారి ఉంటుందని మా కజిన్ చెప్పింది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. సైనికుడి భార్యైనా, బేకరీవాడి భార్యైనా ఒకటే వరస. మూడేళ్ళ పెళ్ళి, ఇన్నాళ్ళ నివాసం, అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నట్టు రుజువు. దరఖాస్తు పెట్టిన కొద్ది వారాలకే కోవిడ్ వచ్చి ఆఫీసులు మూతపడ్డాయి. ఏడాది చివరికి, మా ఆయన క్వారంటైన్ ముగించుకుని లెబనాన్ విమానం ఎక్కిన పది రోజులకి, నాకు ఉత్తరం వచ్చింది. మీరు మీ భర్తతో కలిసి నివసిస్తున్నట్టు మాకు నమ్మకం కలగలేదు, ఇరవై ఎనిమిది రోజుల్లో ఆధారాలు పంపండి అని.

నమ్మకం కలగలేదట! చదువుతుంటే ముందు కోపం వచ్చింది. కానీ కాసేపటికి భయమూ వచ్చింది. వాళ్ళు నమ్మకపోతే పౌరసత్వం మాట అటుంచి, భార్యగా ఇక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతి కూడా చిక్కుల్లో పడుతుంది. మా ఆయన తిరిగొచ్చేసరికి నేను ఈ దేశంలో ఉంటానో లేదో తెలియదు.

రుజువులు వెతకడం మొదలుపెడితే అప్పుడు బయటపడింది నా తెలివి. కరెంటు బిల్లు అత్తగారి పేరు మీద. గ్యాస్ ఆవిడదే. ఇల్లు ఆవిడదే. నా ఫోను ప్రీపెయిడ్. జీతం కాగితం మీద నేను పెళ్ళికి ముందు ఇద్దరు తెలుగమ్మాయిలతో ఉన్న ఫ్లాట్ అడ్రసే ఇంకా ఉంది, మార్చడానికి బద్ధకించాను. మా ఆయన ఉత్తరాలన్నీ బ్యారక్స్‌కి వెళ్తాయి. సైన్యం వాళ్ళని అడిగితే ఎంతో మర్యాదగా ఒక లెటర్ ఇచ్చారు, ఈయన ప్రస్తుతం విదేశాల్లో విధుల్లో ఉన్నారు అని. అంటే నాతో లేడని వాళ్ళే రాసిచ్చినట్టు. కాగితాల ప్రకారం నేనొక చోట, ఆయనొక చోట. మా కాపురం ఎక్కడా లేదు.

పులిహోర ఆంటీ ఫోనులో నా తల వాచేట్టు చీవాట్లు పెట్టింది. "కరెంటు బిల్లు మీద పేరు ఎక్కించుకోలేదా? వచ్చిన మొదటి నెల్లోనే చేయాల్సిన పని కదే అది! ఎంత పిచ్చిదానివే!"

ఎలా ఎక్కించుకుంటాను? మా వైపు కొత్తగా కాపురానికి వెళ్ళిన కోడలు అత్తగారింట్లో, బిల్లుల మీద నా పేరు కూడా వేయించండి అంటే, ఇంట్లో వాటా అడిగినట్టే. అందులోనూ నా గురించి ముందే ఒక లెక్కలో ఉన్న మనిషి. నేను ఆ మాట ఎత్తితే, చూశావా, అనుకున్నట్టే కాగితాలు పోగేస్తోంది అనదూ? కాగితాల కోసం రాలేదని నిరూపించుకోవడానికి మూడేళ్ళు ఒక్క కాగితమూ అడగలేదు. అదే ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది.

తప్పక ఆ రోజు అడిగాను. ఉత్తరం ఆవిడ ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"బిల్లు మీద నీ పేరా? నేను బతికుండగా కుదరదు," అంది. "అయినా ఇప్పుడెక్కిస్తే ఇప్పటి తారీఖే పడుద్ది. మూడేళ్ళ ముందుది ఎట్టా వస్తది? నీకు చదువెవరు చెప్పారు?"

నేను ఇంక ఆగలేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. మీకు కావాల్సింది ఇదేగా, మొదటి రోజు నుంచీ నేను పోవాలనేగా మీరు చూస్తున్నది, సంతోషించండి అన్నాను. మీ కొడుకు ఎక్కడో సరిహద్దులో కాపలా కాస్తుంటే ఇక్కడ మీ ప్రెస్‌లో టేపు అంటించుకుని మీరూ సరిహద్దు కాస్తున్నారు అని కూడా అన్నాను. ఆ మాట తెలుగులో అన్నాను, ఇంగ్లీషులో అంత బాగా రాలేదు. ఆవిడ నేను అరవడం అయ్యేదాకా టీ తాగింది. తర్వాత కప్పు కడుక్కుని పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం. నేను కిందికి దిగేసరికి వంటింటి బల్ల మీద నాలుగు క్యాలెండర్లు. నేను వచ్చిన ఏడాది నుంచి అప్పటిదాకా. "చదువుకో," అని తోటలోకి వెళ్ళిపోయింది.

చదివాను. ప్రతి గడిలో నేనే.

"మంగళవారం. ఆవాలు పేలాయి. కిటికీ తెరిచాను. మూసింది. తెరిచాను." "శుక్రవారం. కుక్కర్ ఏడు కూతలు. పక్కింటి కుక్క మొరిగింది." "నా కప్పులో టీ తాగింది. కడగలేదు." "సింకులో జుట్టు. మళ్ళీ." "వాడూ అదీ బాత్రూమ్ కోసం పోట్లాట. తప్పు వాడిదే. చెప్పలేదు." "పొద్దున్నే ఫోనులో వాళ్ళమ్మతో అరుపులు. అరుపులు కాదట, మామూలు మాటలేనట." "ఇద్దరూ సోఫాలో టీవీ. నాకు చోటు లేదు." ఒక వారం ఏమీ లేకపోతే, "ఇద్దరూ డబ్లిన్ వెళ్ళారు. ఇల్లు ప్రశాంతం." ఆయన లెబనాన్ వెళ్ళిన రోజు గడిలో మాత్రం, "వాడు వెళ్ళాడు. అది మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. చాలాసేపు. హీటర్ వేశాను."

మూడేళ్ళ పైచిలుకు చాడీలు! చదువుతూ ముందు మండిపడ్డాను. ఈ మనిషి నా మీద రోజూ కూర్చుని రాసుకుందా అని. ఆ కోపంలోనే ఇంకో సంగతి మెల్లగా తలకెక్కింది. ఏయే రోజు నేనూ ఆయనా ఆ ఇంట్లో ఉన్నామో, ఏం తిన్నామో, దేనికి పోట్లాడుకున్నామో ఇంత వివరంగా ఏ కరెంటు బిల్లు చెబుతుంది?

ఆవిడ తోటలోంచి వచ్చి చేతులు కడుక్కుంటూ, "ప్రతి పేజీ ఫోటో తీసి పంపు. నా క్యాలెండర్లు మాత్రం ఇవ్వను. ఇదిగో, ఉత్తరం కూడా రాశా," అంది.

ఆ ఉత్తరం నాలుగు వాక్యాలు. నాకు కంఠతా వచ్చు. "ఈ ఇల్లు నాది. నా కొడుకూ ఈ అమ్మాయీ పెళ్ళైన మర్నాటి నుంచీ ఇక్కడే కాపురం ఉంటున్నారు. నాకు ఈ అమ్మాయంటే ఇష్టం లేదు. ఇష్టం లేని మనిషి ఇంట్లో ఉందో లేదో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు."

నేను కృతజ్ఞతలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నీ కోసం కాదు. వాడొచ్చి, నా పెళ్ళాం ఏదని అడిగితే నేనేం చెప్పను?"

ఆ తర్వాత మేమేదో కలిసిపోయామనుకుంటే పొరపాటు. టేపు అలాగే ఉంది. కిటికీ అలాగే తెరుచుకునేది. లాక్‌డౌన్ మళ్ళీ పెట్టి, అయిదు కిలోమీటర్లు దాటితే రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపే రోజుల్లో, బయటికి పోయే వీలులేక ఇంకా ఎక్కువ పోట్లాడుకున్నాం. ఒకరోజు, పంపిన ఫోటోలకి ఇంకా జవాబు రాలేదని నేను విసుక్కుంటే అంది, "నేను స్లైగో నుంచి ఈ ఊరికి కాపురానికొచ్చి నలభై ఏడేళ్ళు. ఇప్పటికీ ఈ వీధిలో నన్ను స్లైగో ఆవిడనే అంటారు. నువ్వొచ్చి నాలుగేళ్ళు. ఏంటమ్మాయ్ నీ తొందర?" నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఓదార్చింది ఆ ఒక్కసారే. అది ఓదార్పని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

జనవరి చివర్లో ఆవిడకి దగ్గు మొదలైంది. మా ఇంటి డాక్టరు ఫోనులోనే విని అంబులెన్స్ పిలిచాడు. నన్ను వెంట రానివ్వలేదు. గుమ్మంలో స్ట్రెచర్ మీద ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, "నేనొచ్చేదాకా ఇంట్లో ఏదీ వేయించకు," అంది. ఆసుపత్రిలో నర్సు ట్యాబ్ పట్టుకుని చూపించిన ప్రతిసారీ మాట్లాడే ఓపిక లేకపోయినా నా ముఖంలోకి గుడ్లురిమి చూసేది. నేను మాత్రం ఏం తక్కువ, కెటిల్ ముట్టుకున్నానని చెప్పాను. పదకొండో రోజు పొద్దున ఆ ఫోను వచ్చింది.

అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. మా ఆయనకి విమానాలూ క్వారంటైనూ కుదరక రాలేకపోయాడు. ఫోనులో చూశాడు. శవపేటిక వెనక నడవాల్సిన కొడుకు బదులు నేను నడిచాను. వీధిలో జనం ఎవరి గేటు దగ్గర వాళ్ళు మాస్కులతో నిలబడ్డారు. మామూలు రోజుల్లో అయితే వచ్చి చెయ్యి పట్టుకుని, మీ కష్టానికి చింతిస్తున్నాం అనేవాళ్ళు. ఇప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. నాలుగేళ్ళుగా నన్ను చూసి మాట్లాడనివాళ్ళు కూడా. వాళ్ళ తలలు వంగింది నాకే అని అర్థమయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు. నాకు ఇష్టం లేని మనిషి కోసం అంతలా ఏడుస్తానని నేను అనుకోలేదు. ఆవిడ లేకపోతే నాకు ఈ దేశంలో పోట్లాడటానికి ఎవరున్నారు?

అదే వారం పౌరసత్వం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు పంపిన చేతిరాత పత్రాలు అందాయి, అయితే పరిస్థితిలో మార్పు లేదని నిర్ధారిస్తూ ఇంటి యజమానురాలి నుంచి తాజా తేదీతో మరో వాంగ్మూలం ఇరవై ఎనిమిది రోజుల్లో పంపగలరు అని. చదివి పిచ్చిదానిలా నవ్వాను. యజమానురాలిని తీసుకురమ్మంటున్నారు. తెస్తాను, కాస్త తవ్వాలి, అని గట్టిగా అన్నాను, ఖాళీ వంటింట్లో. తర్వాత ఆ ఉత్తరాన్ని గోడకేసి కొట్టాను. అది పోయి కెటిల్ వెనక పడింది.

సాయంత్రం అంత్యక్రియల ఏర్పాట్లు చేసే కంపెనీ ఆయన ఫోను చేశాడు. పేపర్లో వేయించిన మరణ ప్రకటన నాకు అందిందా అని. ఎదురింటివాళ్ళు తలుపు సందులోంచి ఆ పేపరు వేసిపోయారు గానీ నేను విప్పలేదు. విప్పి చూశాను. ఆవిడ పేరు, స్లైగోలో పుట్టిన ఊరు, ముందే పోయిన భర్త. ఆ కింద, "విదేశంలో విధుల్లో ఉన్న కొడుకు, ఆ కొడుకు భార్య" అని రాసి నా పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. దాని పక్కన, "పెళ్ళైన మర్నాటి నుంచీ ఇదే ఇంట్లో."

"అది మీ అత్తగారు, ఈ కోవిడ్ రోజుల్లో ఎందుకైనా మంచిదని, క్రిస్మస్ ముందు ఫోనులో రాయించిందే," అన్నాడాయన. "ఆఖరి ముక్క మామూలుగా ప్రకటనల్లో పెట్టం, తీసేద్దామా అని అడిగాను. ససేమిరా అంది. 'ఉండనీ. నేను పోయాక ఆ పిల్లని అడిగేవాళ్ళుంటారు, చెప్పడానికి నేనుండను' అంది."

నేను కెటిల్ వెనక పడ్డ ఆఫీసు ఉత్తరాన్ని తీసి పక్కన పెట్టుకుని, కత్తెర తెచ్చుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పేపరు పేరూ తారీఖూ పోకుండా ఆ ప్రకటన చుట్టూ నెమ్మదిగా కత్తిరించాను.